చీర రంగు మారాలి, ముఖం రంగు కాదు

మూఢం వెళ్లి ముహూర్తాలు మొదలయ్యాయి. దానికి తగ్గట్టే ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఆల్బమ్ డిజైనర్లవే. అందరి గొడవా ఒకటే: ఫోటోషాప్‌లో ఒకదాని రంగు మార్చబోతే పక్కదాని రంగు కూడా మారిపోతోందని. అందుకే ఈ నెల పేజీ మొత్తం దానికే ఇచ్చేశాను.

ప్రశ్న: అక్కా, నేను తణుకులో ఒక స్టూడియోలో ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. 12×36 అంగుళాల షీటు. టెంప్లేట్‌లో వెనకాల గులాబీ రంగు పరదా ఉంది. పెళ్లికూతురిది చిలకపచ్చ చీర. పరదాని దానికి మ్యాచింగ్ చేద్దామని, పరదా లేయర్ (పొర) సెలెక్ట్ చేసి, రంగు మార్చే హ్యూ/శాచురేషన్ అడ్జస్ట్‌మెంట్ లేయర్ వేశాను. పరదాతో పాటు దాని కిందున్న పూలదండలు, బ్యాక్‌గ్రౌండ్ కూడా మారిపోయాయి. కంట్రోల్+యు కొడితే పరదా ఒక్కటే మారుతోంది. కానీ మర్నాడు పార్టీ వచ్చి "పాత రంగే బాగుంది" అంటే వెనక్కి తేలేకపోతున్నాను.

జవాబు: తమ్ముడూ, పరదాని సెలెక్ట్ చేసి వేసినంత మాత్రాన ఆ అడ్జస్ట్‌మెంట్ పరదా సొంతం అయిపోదు. అది పరదాకి పైన కూర్చుంటుందంతే. స్టేజి లైటుకి రంగు కాగితం కట్టినట్టు, కింద ఎవరు నిలబడితే వాళ్ల మీద ఆ రంగు పడుతుంది. పరదా ఒక్కదానికే పరిమితం చెయ్యాలంటే దాన్ని పరదాకి క్లిప్ చెయ్యాలి. లేయర్స్ ప్యానెల్లో ఆల్ట్ కీ నొక్కి పట్టుకుని, అడ్జస్ట్‌మెంట్ లేయర్‌కీ పరదా లేయర్‌కీ మధ్య ఉన్న గీత మీద క్లిక్ చెయ్యి. అడ్జస్ట్‌మెంట్ కాస్త పక్కకి జరిగి, కిందికి వంగిన చిన్న బాణం గుర్తు వస్తుంది. ఆ బాణం కనిపిస్తే పనైనట్టే. కీబోర్డు అలవాటైతే అడ్జస్ట్‌మెంట్ లేయర్ మీద ఉండి కంట్రోల్+ఆల్ట్+జి. ప్రాపర్టీస్ ప్యానెల్ అడుగున వరసలో మొదటి బటన్ కూడా ఇదే పని చేస్తుంది. నాకు మాత్రం ఆల్ట్ క్లిక్కే ఇష్టం, ఏది దేనికి అతుక్కుందో కళ్లెదుటే కనిపిస్తుంది.

ఆ తరవాత కర్వ్స్ వేసినా, కలర్ బ్యాలెన్స్ వేసినా అదే పద్ధతిలో ఒకదాని మీద ఒకటి క్లిప్ చేసుకుంటూ పో. అన్నీ పరదాకే పనిచేస్తాయి.

పరదా, దాని కుచ్చులు, పైనున్న తోరణం మూడూ వేరు వేరు లేయర్లైతే ప్రతిదానికీ ఒక అడ్జస్ట్‌మెంట్ వెయ్యక్కర్లేదు. మూడింటినీ సెలెక్ట్ చేసి కంట్రోల్+జి తో గ్రూప్ చెయ్యి. అడ్జస్ట్‌మెంట్‌ని ఆ గ్రూప్ లోపలే అన్నిటికంటే పైన పెట్టు. గ్రూప్ బ్లెండ్ మోడ్ (కింది లేయర్లతో కలిసే తీరు) మామూలుగా పాస్ త్రూ అని ఉంటుంది, దాన్ని నార్మల్ చెయ్యి. పాస్ త్రూలో ఉన్నంతసేపూ రంగు గ్రూపు దాటి కిందికి కారిపోతూనే ఉంటుంది. టెంప్లేట్లు కొనుక్కుని పనిచేసేవాళ్లలో చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

ఇక కంట్రోల్+యు సంగతి. అదీ హ్యూ/శాచురేషనే, కానీ వేరే లేయర్ లేకుండా రంగుని నేరుగా బొమ్మ చుక్కల్లోకి, అంటే పిక్సెల్స్‌లోకి ఎక్కించేస్తుంది. 1996లో ఫోటోషాప్ 4తో అడ్జస్ట్‌మెంట్ లేయర్లు వచ్చేదాకా అందరూ అలాగే చేసేవాళ్లు, ఇప్పుడు ఆ ఖర్మ లేదు. అయినా నీకు కంట్రోల్+యు మీదే మోజైతే ముందు లేయర్ మీద రైట్ క్లిక్ చేసి కన్వర్ట్ టు స్మార్ట్ ఆబ్జెక్ట్ ఇవ్వు. అప్పుడు ఆ మార్పు లేయర్ కింద ఒక ఫిల్టర్‌గా వేలాడుతుంది. పార్టీ ఎన్నిసార్లు మాట మార్చినా డబుల్ క్లిక్ చేసి సరిచెయ్యొచ్చు.

ఇంకొకటి. పరదాలో తెల్లగా మెరిసే మడతలు హ్యూ ఎంత జరిపినా మారవు. రంగే లేనిచోట మార్చడానికేముంది? మధుపర్కాల తెలుపుకి లేత పసుపు రావాలన్నా ఇదే చిక్కు. అక్కడ సాలిడ్ కలర్ లేయర్ వేసి, క్లిప్ చేసి, బ్లెండ్ మోడ్ మల్టిప్లై పెట్టి, ఒపాసిటీ తగ్గించుకో. మడతల నీడలు చెక్కుచెదరవు.

ప్రశ్న: అమ్మా, ఖమ్మంలో చిన్న స్టూడియో నాది. ఫిల్ము రోజుల నుంచీ ఇదే పని. రిసెప్షన్ ఫొటోలో పెళ్లికూతురి మెరూన్ చీరని నెమలికంఠం రంగులోకి మార్చమని పార్టీ అడిగారు. క్లిప్పింగ్ కూడా చేశాను. ముఖం, బొట్టు, పారాణి అన్నీ నీలం తిరిగాయి. లోపం ఎక్కడ?

జవాబు: బాబాయ్ గారూ, క్లిప్పింగ్‌లో లోపమేమీ లేదు. మీ దగ్గరున్నది జేపెగ్ ఫొటో. అందులో చీరకో లేయరు, ముఖానికో లేయరు ఉండవు, మొత్తం ఒకటే. ఆ ఒక్కదానికి క్లిప్ చేస్తే అంతా మారకేం చేస్తుంది? ముందు చీరని విడదియ్యాలి. క్విక్ సెలెక్షన్‌తో చీర వరకు పట్టుకోండి, కుచ్చిళ్ల దగ్గరా పైట అంచు దగ్గరా పెన్ టూల్ వాడండి. సెలెక్షన్ ఉండగానే హ్యూ/శాచురేషన్ లేయర్ వేస్తే దాని మాస్క్ (మార్పు ఎక్కడ పడాలో చెప్పే నలుపు తెలుపు ముసుగు) అదే తయారవుతుంది. తెల్లగా ఉన్నచోట రంగు మారుతుంది, నల్లగా ఉన్నచోట మారదు. అంచులో తేడా వస్తే మెత్తటి బ్రష్‌తో నలుపో తెలుపో పూసి దిద్దుకోవచ్చు. చీరని కంట్రోల్+జె తో కొత్త లేయర్‌గా తీసి దానికి క్లిప్ చెయ్యొచ్చు గానీ, నా ఓటు మాస్క్‌కే.

అసలు కష్టం జరీ దగ్గర. చీర మారి జరీ బంగారంలా ఉండిపోవాలి. హ్యూ/శాచురేషన్‌లో పైన మాస్టర్ అని ఉన్నచోట రెడ్స్ ఎంచుకోండి. కింద రంగుల పట్టీ మీద నాలుగు అంకెలు (రంగుల చక్రంలో డిగ్రీలు) కనిపిస్తాయి: 315, 345, 15, 45. 345 నుంచి 15 డిగ్రీల దాకా పూర్తిగా మారుతుంది, అటూ ఇటూ ఉన్న 30 డిగ్రీల్లో క్రమంగా తగ్గిపోతుంది. జరీ పసుపు దాదాపు 45 దగ్గరలో ఉంటుంది కాబట్టి ఆ చివర కొంచెం తగులుతుంది. కుడివైపు గుర్తుల్ని లోపలికి జరపండి, లేదా మైనస్ గుర్తున్న ఐడ్రాపర్‌తో జరీ మీద క్లిక్ చెయ్యండి. మన ఒంటి రంగులు కూడా ఎరుపుకీ పసుపుకీ మధ్యే పడతాయి. మొత్తం ఫొటోకి రంగు తిప్పినప్పుడు ముఖం కూడా నీలం తిరిగింది అందుకే. ఆ తరవాత హ్యూని −165 దగ్గరికి లాగి చూడండి, నెమలికంఠం ఆ చుట్టుపక్కలే దొరుకుతుంది.

మెరూన్‌ని పసుపుపచ్చ చెయ్యమంటే మాత్రం ముందే చెప్పెయ్యండి, తేలిగ్గా రాదని. ముదురు రంగుని పసుపులోకి తిప్పితే బురద రంగు వస్తుంది. లైట్‌నెస్ పెంచితే సున్నం కొట్టినట్టు పాలిపోతుంది. అదే మాస్క్‌తో పైన కర్వ్స్ వేసి వెలుగు పెంచడం ఒక్కటే దారి.

ఇంతా చేశాక కూడా ఫొటోలో ఏదో అబద్ధం కనిపిస్తుంది. గడ్డం కింద, మోచేతుల లోపలి వైపు, గాజుల మీద చూడండి, పాత చీర ఎరుపు అక్కడ పడి ఉంటుంది. పెళ్లికొడుకు తెల్ల షేర్వాణీ ఆమె పక్కనే ఉంటే దాని అంచు మీదా ఉంటుంది. ఇంకో హ్యూ/శాచురేషన్ వేసి, రెడ్స్‌లో శాచురేషన్ కొద్దిగా తగ్గించి, కంట్రోల్+ఐ తో మాస్క్‌ని నలుపు చేసి, ఆ నాలుగు చోట్లే తెల్ల బ్రష్‌తో పలచగా రుద్దండి. ఫిల్ము మీద టచింగ్ చేసిన చెయ్యి మీది, ఇది మాలాంటి వాళ్లకంటే మీకే బాగా వస్తుంది.

పనిలో పనిగా "అమ్మాయిని కొంచెం తెల్లగా చెయ్యండి" అని కూడా అడుగుతారు. హాల్లో పచ్చటి లైట్ల వల్ల ముఖం కామెర్ల రోగిలా కనిపిస్తే అది సరిచెయ్యాల్సిందే, కలర్ బ్యాలెన్స్ మిడ్‌టోన్స్‌లో పసుపు తగ్గిస్తే చాలు. అంతకు మించి ఒంటి రంగు జోలికి నేను వెళ్లను. అడిగినవాళ్లు అత్తగారైనా సరే. చేతులొక రంగు, ముఖమొక రంగు ఉన్న ఆల్బమ్ మీద మన స్టూడియో పేరే ఉంటుంది కదా.

ప్రశ్న: మేడమ్, "శుభ వివాహం" అక్షరాలకి గ్రేడియెంట్ ఓవర్‌లే (పైన కప్పే రంగుల ఎఫెక్ట్)తో బంగారు రంగు ఉంది. మీ పద్ధతిలోనే క్లిప్ చేసినా ఆ రంగు కదలట్లేదు. ఎందుకని?
– శ్రీకాకుళం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఆ బంగారం లేయర్‌ది కాదండీ, దాని మీద వేసిన ఎఫెక్ట్‌ది. మామూలు సెట్టింగుల్లో క్లిప్ చేసినవాటి పైన కూడా ఓవర్‌లే కప్పేస్తుంది. తేలిక పద్ధతి, ఆ ఎఫెక్ట్ మీద డబుల్ క్లిక్ చేసి గ్రేడియెంట్ రంగులే మార్చుకోవడం. అది కుదరకపోతే పైన తణుకు తమ్ముడికి చెప్పిన గ్రూప్ పద్ధతి, మోడ్ నార్మల్. నీడ రంగు కూడా కలిపి మారుతుంది, చూసుకోండి.

ప్రశ్న: అక్కా, డిగ్రీ చదువుతున్నాను, ఆదిలాబాద్. ఫోటోషాప్ కొనే స్తోమత లేదు. ఉచితంగా దొరికే గింప్‌లో ఈ పని అవుతుందా?

జవాబు: భేషుగ్గా అవుతుంది తల్లీ. గింప్‌లో కలర్స్ మెనూలో ఏది వాడినా నువ్వు ఎంచుకున్న లేయర్‌కే పడుతుంది, క్లిప్పింగ్ గొడవే లేదు. 2025 మార్చిలో వచ్చిన 3.0 వేసుకో. హ్యూ-శాచురేషన్ పెట్టెలో అడుగున మెర్జ్ ఫిల్టర్ దగ్గర టిక్ లేకుండా చూసుకుని ఓకే చేస్తే, లేయర్ పక్కన ఎఫ్ఎక్స్ గుర్తు వస్తుంది. దాన్ని నొక్కితే ఎప్పుడైనా రంగు మార్చుకోవచ్చు, తీసెయ్యొచ్చు. కాలేజీ ల్యాబ్‌లో పాత 2.10 ఉంటే మాత్రం రంగు శాశ్వతంగా ఎక్కిపోతుంది, ముందు లేయర్‌కి డూప్లికేట్ తీసుకుని దాని మీద చెయ్యి. ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యనివ్వకపోతే బ్రౌజర్‌లో ఫోటోపీ తెరువు. అది ఉచితం, ఫోటోషాప్ పీఎస్‌డీ ఫైళ్లు తెరుచుకుంటాయి, ఆల్ట్ క్లిక్ అక్కడా పనిచేస్తుంది. గింప్‌లో చేసిన పని దాని సొంత ఫైలు రకం ఎక్స్‌సీఎఫ్‌గా సేవ్ చేసుకో. జేపెగ్ ఎక్స్‌పోర్ట్ చేసి అది మూసేస్తే లేయర్లన్నీ పోయినట్టే.