మచిలీపట్నం ఆగిపోయి, విజయవాడ ఎందుకు పెరిగింది?

సరుకు దారి మారింది, ఊళ్ల జాతకమూ మారింది. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యానికి సముద్రపు వాకిలి మచిలీపట్నమే. 1611లో ఆంగ్లేయులు ఇక్కడ వర్తక స్థావరం పెట్టింది ముఖ్యంగా బట్టల కోసం. చిరివేరు అనే మొక్క వేరుతో ఎర్రరంగు అద్దిన కలంకారీ పర్షియా దాకా వెళ్లేది. తరువాత ఇంగ్లండు యంత్రాల మీద నేసిన బట్ట చవకగా వచ్చి పడింది, నేతగాళ్లకు గిరాకీ పోయింది. పైగా రేవు లోతు తక్కువ. ఓడ కొన్ని మైళ్ల దూరంలో ఆగితే, సరుకును చిన్న పడవల్లో ఒడ్డుకు చేర్చాలి. ఆవిరి ఓడల కాలంలో అంత ఓపిక ఎవరికి? 1864 ఉప్పెన నష్టాన్ని రెట్టింపు చేసింది కానీ, నా దృష్టిలో అసలు కారణం అది కాదు. దెబ్బతిన్న రేవులు మళ్లీ లేస్తాయి, వ్యాపారం మిగిలి ఉంటే.

అదే సమయంలో బెజవాడ (విజయవాడ) దగ్గర 1855కల్లా ఆనకట్ట పూర్తయి, డెల్టాలో వరి పండింది. 1889లో సికింద్రాబాదు నుంచి రైలు వచ్చింది. 1890 దశకంలో కృష్ణపై వంతెన పడి, మద్రాసు–కలకత్తా దారి కూడా ఆ ఊరి మీదుగానే సాగింది. బందరుకు (మచిలీపట్నానికి) రైలు 1908లో గానీ రాలేదు. అప్పటికి ధాన్యం వర్తకులు బెజవాడలో స్థిరపడిపోయారు. కృష్ణా జిల్లా కేంద్రం హోదా మాత్రం బందరుకే మిగిలింది. కలెక్టరు కార్యాలయం ఒక్కటే నగరాన్ని పెంచలేదు కదా!