లాబ్రడార్, వీధిపిల్లి, లవ్ బర్డ్స్ ఉన్న ఇంట్లోకి పర్షియన్ పిల్లికూన తెచ్చుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఇంట్లో ఆరేళ్ల లాబ్రడార్, వీధిలోంచి తెచ్చి పెంచుకుంటున్న నాలుగేళ్ల ఆడపిల్లి, బాల్కనీలో లవ్ బర్డ్స్ పంజరం ఉన్నాయి. మీ అమ్మాయి పుట్టినరోజుకి పర్షియన్ కూన కావాలని పట్టుబట్టింది. పర్షియన్లు నెమ్మదిగా ఉంటాయంటారు కదా, సర్దుకుంటుందా అని అడిగారు.

సర్దుకోవచ్చు. కాకపోతే మీరు జాతి గురించి అడిగారు, నేను ముందు మీ ఇంటి తలుపుల గురించి అడుగుతాను. మూడు వారాలపాటు మూసి ఉంచగలిగే గది ఒకటి ఉందా? "పాపం, ఒక్కసారి బయటికి వదులుదాం" అనేవాళ్లు ఇంట్లో ఎవరైనా ఉన్నారా? మా ఇంట్లో ఉన్నారు. ఆ మనిషిని నేనే.

మాది విజయవాడ. 2019 ఆగస్టులో మేమూ ఇదే పని చేశాం. అప్పటికి ఇంట్లో బ్రూనో అనే ఐదేళ్ల లాబ్రడార్, మల్లి అనే తొమ్మిదేళ్ల వీధిపిల్లి ఉండేవి. మల్లి నా పెళ్లితో పాటు ఈ ఇంటికి వచ్చింది, మా అత్తగారు దాన్ని "మీ పుట్టింటి సారె" అనేవారు. హైదరాబాద్‌లో అమ్మే ఒకాయన నంబరు తెలిసినవాళ్లు ఇచ్చారు. ఫోన్ ఎత్తగానే "డాల్ ఫేసా మేడమ్, సెమీ పంచా, పంచ్ ఫేసా?" అన్నాడు, చీర బోర్డర్ అడిగినట్టు. (మామూలు మొహం, కాస్త చదును, బాగా చదును అని అర్థం.) బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపిస్తానన్నాడు. మాకు మనసొప్పక కారులో వెళ్లి తెచ్చుకున్నాం. 14,000 ఇచ్చాం. తల్లిని చూపించమంటే "వేరే ఇంట్లో ఉంది" అన్నాడు. రెండు నెలలు నిండాయన్నాడు. మర్నాడు మా డాక్టరు నోరు తెరిచి చూసి, పాలపళ్లే ఇంకా పూర్తిగా రాలేదు, ఆరు వారాలకు మించి ఉండదు అన్నారు. పెంపుడు జంతువుల దుకాణాలకు 2018లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాల లోపు కూనల్ని అమ్మకూడదని నాకు అప్పుడు తెలియదు.

ఈ వయసు గొడవ కాగితాల కోసం కాదు. పిల్లికూన మనుషుల్నీ కుక్కల్నీ తోటి పిల్లుల్నీ మామూలుగా తీసుకోవడం నేర్చేది ముఖ్యంగా రెండో వారం నుంచి ఏడో వారం దాకా. ఆ రోజులు పంజరంలో గడిచిపోతే తర్వాత మనం ఎంత ముద్దు చేసినా ఆ లోటు పూర్తిగా తీరదు. పన్నెండు వారాల దాకా తల్లి దగ్గరుంటే ఎంత గట్టిగా కొరికితే నొప్పి పుడుతుందో కూడా తల్లీ తోబుట్టువులే నేర్పుతారు. అందుకే మీరు వెతికేటప్పుడు బొచ్చు పొడవు కన్నా, అది పుట్టిన ఇంట్లో కుక్క తిరుగుతోందా లేదా అన్నది చూడండి. తల్లిని చూపించని చోట కొనకండి.

మేమందరం భయపడింది బ్రూనో గురించే. బెల్టు పట్టుకుని, మా ఆయన దాని మెడ దగ్గర చెయ్యి వేసి, ముత్యాన్ని (కూన పేరు) ఎదురుగా దించాం. ముత్యం సీసాలు కడిగే బ్రష్‌లా తోక ఉబ్బించి, బుస్సుమని, బ్రూనో ముక్కు మీద ఒక్కటి పీకింది. ముప్ఫై రెండు కిలోల కుక్క మా ఆయన కాళ్ల వెనక్కి వెళ్లి కూర్చుంది. నాలుగు రోజుల్లో ఆ కథ ముగిసింది.

మీ కుక్క ఇప్పటికే పిల్లితో ఉంటోంది కాబట్టి సగం పరీక్ష పాసైనట్టే. మిగతా సగం, పరిగెత్తే చిన్న ప్రాణిని చూస్తే ఏం చేస్తుందన్నది. తోక ఊపుతూ ఎగిరి గంతులేస్తే కంగారు పడక్కర్లేదు, నేర్పించుకోవచ్చు. చప్పుడు చేయకుండా, ఒళ్లు బిగించి, రెప్ప వేయకుండా చూస్తూ నిలబడిపోయి, మీరు పిలిచినా తల తిప్పకపోతే మాత్రం ఆ ఇంట్లోకి కూన వద్దు. మెట్ల మీద వీధిపిల్లి కనిపించినప్పుడు మీ లాబ్ ఎలా ఉంటుందో ఈ వారమే గమనించండి.

అసలు కష్టం మల్లితో వచ్చింది. రెండో రోజు సాయంత్రమే నేను తలుపు తీసేశాను. చిన్నది కదా, పెద్దది అమ్మలా చూసుకుంటుందని నా ఊహ. మల్లి గొంతులోంచి అంతవరకూ నేను వినని శబ్దం వచ్చింది. బీరువా ఎక్కేసింది. రాత్రి అందరం పడుకున్నాకే దిగేది. నాలుగో రోజు నా మంచం మీద, సరిగ్గా నేను పడుకునే వైపు, మూత్రం పోసింది. మళ్లీ ఐదో రోజు, ఈసారి చుక్కలు చుక్కలుగా, నాలుగైదు చోట్ల. కోపమొచ్చి తిట్టాను కూడా. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే పొగరూ కాదు పగా కాదు, టెన్షన్‌కి మూత్రాశయం వాచింది, పోసిన ప్రతిసారీ మంటగా ఉండి ఉంటుంది అన్నారు. రెండు రోజులుగా సరిగ్గా తినడం లేదంటే ఆయన ఇంకా సీరియస్ అయ్యారు. పిల్లి వరుసగా కొన్ని రోజులు తిండి మానేస్తే, ముఖ్యంగా కాస్త లావుగా ఉన్నది, ఒంట్లోని కొవ్వు కాలేయానికి చేరి ప్రాణం మీదికి వస్తుందట. ఆ మాట విన్నాక తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి ఏడ్చాను.

అప్పుడు మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టాం. ముత్యం చిన్న గదిలో, దాని ట్రే, నీళ్లు, పడక అన్నీ లోపలే. వారం రోజులు మల్లికి దాని మొహం చూపించలేదు. ముత్యం ఒళ్లు తుడిచిన పాత చున్నీ ముక్క మల్లి గిన్నె పక్కన, మల్లి పడుకునే తువ్వాలు ముత్యం గదిలో పెట్టేవాళ్లం. మొదటి రోజు మల్లి చున్నీ వాసన చూసి గిన్నె వదిలేసి వెళ్లిపోయింది. నాలుగో రోజుకి దాని మీదే కూర్చుని తింది. తర్వాత మూసిన తలుపుకి ఇవతల మల్లి గిన్నె, అవతల ముత్యం గిన్నె. మొదట ఆరడుగుల దూరంలో పెట్టి రోజుకో జానెడు దగ్గరికి జరిపేవాళ్లం. మల్లి తినడం ఆపిందంటే మర్నాడు ఒక జానెడు వెనక్కి. పదకొండో రోజున తలుపు కింది సందులోంచి చిన్న పంజా బయటికొచ్చింది, వేళ్లన్నీ విప్పుకుని. మల్లి తినడం ఆపి చాలాసేపు దాన్నే చూసింది. చివరికి గోళ్లు బయటికి తీయకుండా ఒకసారి తట్టి, మళ్లీ తిండిలో పడింది. ఆ తర్వాత దోమల మెష్ తలుపు లోంచి చూసుకోవడం, ఆ తర్వాత ఉడికించిన చికెన్ పీచులతో రోజుకి పది నిమిషాలు ఒకే గదిలో. మొత్తం ఐదు వారాలు పట్టింది.

స్నేహితులయ్యాయా అంటే, కాలేదు. 2023లో మల్లి పోయేదాకా రెండూ ఒకే సోఫాకి చెరో చివర. నాకది చాలు.

ఇప్పుడు రోగాల సంగతి. మల్లిని వేరు చేశాం కదా, అందువల్లే ఇంకో ప్రమాదం సగం తప్పింది. మూడో వారంలో ముత్యం చెవి వెనక రూపాయి బిళ్లంత బొచ్చు ఊడి, అంచులు పొలుసులుగా కనిపించింది. నా మోచేతి మడతలో ఎర్రటి వలయం. తామర. పర్షియన్లలో ఇది మరీ ఎక్కువ, పొడవాటి బొచ్చులో దాక్కుని ఉంటుంది, కుక్కకీ పిల్లికీ మనిషికీ అందరికీ అంటుకుంటుంది. నీలి లైటు వేసి చూస్తారు కానీ అందులో కొన్నిసార్లు మెరుపు కనిపించదు, అందుకని "లైటులో ఏం కనపడలేదు" అనే మాట మీద ఆధారపడకండి. బొచ్చు తీసి ల్యాబ్‌లో కల్చర్ (ఫంగస్ పెరుగుతుందేమో చూసే పరీక్ష) పెడితే రెండు మూడు వారాలు పడుతుంది. ఆ గది మూసి ఉంచే మూడు వారాలు ఇందుకూ పనికొస్తాయి. మాకు మందు, షాంపూ, దుప్పట్లు ఉతకడం, రోజూ వాక్యూమ్ కలిపి మూడు నెలలు సాగింది. బ్రూనోకి ముక్కు దగ్గర ఒక్క మచ్చతో పోయింది.

కూనని తేవడానికి ముందే మీ పిల్లికి త్రీ ఇన్ వన్ టీకా (పాన్‌ల్యూకోపీనియాతో కలిపి మూడు వైరస్ జబ్బులకి వేసేది), రేబిస్ టీకా సరిగ్గా ఉన్నాయో చూసుకోండి. వాంతులు, విరేచనాలతో కూనల్ని చంపే ఈ పాన్‌ల్యూకోపీనియా వైరస్ ఇంట్లో ఒకసారి చేరితే నెలల తరబడి నేలలో, బట్టల్లో బతికి ఉంటుంది. కుక్కకి పార్వో (దానికి దగ్గరి వైరస్) టీకా కూడా చూసుకోండి. ఇప్పుడు తిరుగుతున్న పార్వో రకాలు పిల్లులకు కూడా సోకగలవు, కాబట్టి "కుక్క టీకాకి పిల్లికి ఏం సంబంధం" అనుకోకండి. కూనకి ఎఫ్‌ఐవీ, ల్యుకేమియా (రెండూ పిల్లి నుంచి పిల్లికి అంటే వైరస్‌లు) పరీక్షలు చేయించాకే మీ పిల్లిని కలవనివ్వండి.

కుక్క ఉన్న ఇంట్లో ఎవరూ ముందుగా చెప్పని ముఖ్యమైన విషయం ఇంకొకటుంది. పిడుదులకి (మా వైపు గోమార్లంటాం) కుక్క మెడ మీద వేసే చుక్కల మందుల్లో కొన్నింటిలో పర్మెత్రిన్ ఉంటుంది. కుక్కకి పర్వాలేదు. పిల్లి ఒళ్లు దాన్ని విరగ్గొట్టి బయటికి పంపలేదు, వణుకు, ఫిట్స్ వచ్చి చచ్చిపోయే ప్రమాదం ఉంది. ఆ మందు వేసిన కుక్కని ఆనుకుని పడుకున్నా, దాని మెడ నాకినా చాలు. మేము మల్లి ఉండగానే ఏళ్ల తరబడి ఆ చుక్కలు వేశాం. మల్లి బ్రూనోని ఎప్పుడూ ముట్టుకోలేదు కాబట్టి బతికిపోయింది. ముత్యమేమో బ్రూనో మెడ మీదే నిద్రపోయేది. ఒకసారి చుక్కలు వేయబోతూ డబ్బా వెనక చిన్న అక్షరాలు చదివితే "పిల్లులకు వాడరాదు" అని ఉంది. ఆ రోజు నుంచి కుక్కకి డాక్టరు రాసిచ్చిన మాత్రలే. మీ అల్మరాలో ఉన్న డబ్బా ఇప్పుడే తీసి చదవండి.

లవ్ బర్డ్స్ గురించి సూటిగా చెప్తాను: పంజరం బాల్కనీలోనే ఉంటే కూన వద్దు. (మనం లవ్ బర్డ్స్ అనేవి చాలావరకు బడ్జీలనే చిన్న చిలుకలే, అవయినా ఇంతే.) పర్షియన్ బద్ధకంగా ఉంటుందన్నది నిజమే, కానీ రెక్క టపటపలాడితే దాని చెవులు ముందుకే తిరుగుతాయి. పంజరం పైకి వేలాడదీస్తే కిటికీ మెష్ ఎక్కుతుంది. పంజా లోపలికి వెళ్లకపోయినా, రోజంతా కింద కూర్చుని చూస్తూ ఉండే పిల్లి వల్ల పక్షులు తినడం తగ్గిస్తాయి. పిల్లి పన్ను గానీ గోరు గానీ కాస్త గీరుకున్నా, పైకి గాయం కనిపించకపోయినా, దాని నోట్లోని బ్యాక్టీరియాకి పక్షి ఒకట్రెండు రోజుల్లో చనిపోవచ్చు. అదే రోజు యాంటీబయాటిక్ పడాలి. పక్షులకి తలుపున్న వేరే గది ఇవ్వగలిగితే సరే. కూనకొక గది, పక్షులకొక గది అంటే మీ ఫ్లాట్ ఎంతుందో నాకు తెలియదు.

ఇక పర్షియన్ అన్నందుకు వచ్చే చాకిరీ. రోజూ దువ్వాలి, మానితే చంకల్లో, తొడల దగ్గర బొచ్చు ముద్ద కట్టి చర్మాన్ని లాగుతుంది. కళ్ల నీళ్లు రోజూ తడిబట్టతో తుడవాలి. మొహం ఎంత చదునైతే ఊపిరి అంత కష్టం, అందుకే పంచ్ ఫేస్ నేను ఎవరికీ సలహా ఇవ్వను, డాల్ ఫేస్ నయం. మే నెలలో మా ముత్యం బాత్రూమ్ టైల్స్ మీద పొట్ట ఆనించి పడుకుంటుంది, మధ్యాహ్నం ఏసీ తప్పదు. పిల్లి నోరు తెరిచి రొప్పుతోందంటే కుక్కలా అనుకోకూడదు, వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. కిడ్నీలో నీటి బుడగలొచ్చే పీకేడీ అనే వంశపారంపర్య జబ్బు ఈ జాతిలో ఎక్కువ. తల్లిదండ్రుల్లో ఒకదానికున్నా కూనకి వచ్చే అవకాశం సగానికి సగం, జన్యుపరీక్ష ఉంది, రిపోర్టు అడగండి. ఇవ్వలేనివాడు "పెడిగ్రీ" (మేలైన వంశం) అనే మాట వాడితే నవ్వి ఊరుకోండి.

ఇన్ని చెప్పినా పర్షియన్‌లో ఒక సుగుణం ఉంది, సాధారణంగా పెద్ద పిల్లిని పనిగట్టుకుని వేధించదు. మా మరిది బెంగళూరులో బెంగాల్ జాతి కూనని తెచ్చాడు, ఆసియా చిరుతపిల్లినీ ఇంటిపిల్లినీ కలిపి పుట్టించిన జాతి. అది వాళ్ల పదేళ్ల పిల్లిని పగలూ రాత్రీ నిద్రపోనివ్వలేదు. మూడు నెలలకే వేరే వాళ్లకిచ్చేశారు.

ట్రేలు ఎన్ని పిల్లులుంటే అంతకంటే ఒకటి ఎక్కువ పెట్టండి, మీకైతే మూడు. లాబ్‌కి అందని చోట పెట్టండి. ఎందుకో ఇక్కడ వివరంగా రాయను, బ్రూనోకి అది మిఠాయి అని మాత్రం చెప్తాను.

మీ స్థానంలో నేనుంటే కూనని కాకుండా, నాలుగైదు నెలలు దాటిన పర్షియన్‌ని, లేదా దువ్వలేక ఎవరో వదిలేసిన పెద్దదాన్ని వెతుకుతాను. అలాంటివి చాలా దొరుకుతాయి, పైగా దాని స్వభావం ఏంటో అప్పటికే తెలిసిపోతుంది. పక్షులకి గది కుదిరాకే తెస్తాను. ఎండలు తగ్గాక, పుట్టినరోజు దాటిపోయినా సరే. దీపావళి వారంలో మాత్రం తేను, టపాసులకి ఉన్న పిల్లే మంచం కింద ఉంటుంది.

ఒక్క విషయం మీరు రాయలేదు. మీ ఆడపిల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందా? కాకపోతే ముందు అది చేయించి, ఓ నెల ఆగి, అప్పుడు మళ్లీ అడగండి. అయి ఉంటే, అది రోజూ ఏ గదిలో పడుకుంటుందో చెప్పండి. కూనని పెట్టే గది అది కాకూడదు.