కంటి మెలనోమా మీద పరిశోధన తిండి పెడుతుందా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మా అమ్మాయి కడపలో బీఎస్సీ బయోటెక్నాలజీ చివరి సంవత్సరం చదువుతోంది. కంటిలో వచ్చే మెలనోమా (రంగు కణాల్లో పుట్టే క్యాన్సర్) గడ్డలోకి చేరే రోగనిరోధక కణాల మీద పరిశోధన చేస్తానని పట్టుబట్టింది. చుట్టాలేమో బీఈడీ చేయించమంటున్నారు. ఏం చెయ్యాలి?

జవాబు: తిండి పెడుతుందండీ, కాకపోతే ఆలస్యంగా పెడుతుంది. ఎంఎస్సీకి రెండేళ్లు, పీహెచ్‌డీకి అయిదారేళ్లు పడుతుంది. సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000, పైన ఇంటద్దె భత్యం. అంటే పీహెచ్‌డీ ఖర్చు మీ మీద పడదు. జేఆర్ఎఫ్ రాకపోతే ఏమిటన్నది ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి. బీఈడీ ఎక్కడికీ పోదు, ఎంఎస్సీ అయ్యాకైనా చేయొచ్చు.

అమ్మాయి ఎంచుకున్న విషయం గట్టిదే. చాలా క్యాన్సర్లలో గడ్డలోకి టీ కణాలు (జబ్బు కణాలను చంపే రోగనిరోధక కణాలు) ఎక్కువగా చొరబడితే మంచి సూచన. కంటి మెలనోమాలో అది తిరగబడుతుంది. మూడో క్రోమోజోమ్ జతలో ఒకటి పోయిన గడ్డల్లో టీ కణాలు, మాక్రోఫేజ్‌లు (చెత్తను మింగే రోగనిరోధక కణాలు) ఎక్కువ కనిపిస్తాయి. కాలేయానికి పాకేవి కూడా ఎక్కువగా ఆ గడ్డలే. 2020లో 8 కంటి గడ్డలు, 3 పాకిన గడ్డల నుంచి సుమారు 59,000 కణాలను ఒక్కొక్కటిగా చదివితే, అలసిపోయిన (పోరాడి చేవ తగ్గిన) టీ కణాల మీద పీడీ1 అనే బ్రేకు కన్నా లాగ్3 అనే మరో బ్రేకు ముందుకొచ్చింది. చర్మ మెలనోమాలో బాగా పనిచేసే, పీడీ1ను అడ్డుకునే మందులు ఇక్కడ చతికిలబడడానికి ఇదొక కారణమని అనుమానం. 2022లో అమెరికాలో అనుమతి పొందిన టెబెంటాఫస్ప్ అనే మందు టీ కణాన్ని గడ్డ కణం దగ్గరికి లాక్కొచ్చి కూర్చోబెడుతుంది. అయితే హెచ్‌ఎల్‌ఏ ఏ2 (కణంలోని ప్రొటీన్ ముక్కల్ని టీ కణాలకు చూపించే అణువు)లో 02:01 ఉపరకం ఉన్నవాళ్లకే అది పనికొస్తుంది. మన జనంలో 02:11 లాంటి వేరే ఉపరకాలు కూడా బాగానే కనిపిస్తాయి. పరిశోధనకు ఇక్కడే మంచి ప్రశ్న దొరుకుతుంది.

చిక్కల్లా ఒక్కటే. ఈ జబ్బు మన దేశంలో అరుదు. అందుకే 'కంటి మెలనోమా' అనే బోర్డు మెడలో వేసుకోవద్దని అమ్మాయికి చెప్పండి. నేర్చుకోవలసింది ట్యూమర్ ఇమ్యునాలజీ, అంటే గడ్డకూ రోగనిరోధక కణాలకూ మధ్య జరిగేదాని శాస్త్రం. అది చేతిలో ఉంటే రొమ్ము క్యాన్సర్ ల్యాబైనా, హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో బయోలాజిక్స్ (జీవకణాలతో తయారుచేసే మందుల) కంపెనీయైనా పిలుస్తుంది. కంటి గడ్డలే కావాలంటే హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్, చెన్నై శంకర నేత్రాలయ వైపు చూడాలి.

ల్యాబ్ పని ఎలా ఉంటుందో అమ్మాయికి ముందే తెలియాలి. మాక్రోఫేజ్‌లను గుర్తించడానికి స్లైడ్ మీద సీడీ68, సీడీ163 అనే గుర్తు ప్రొటీన్లకు అంటుకునే యాంటీబాడీలు వేస్తారు. అవి అంటుకున్నచోటు కనిపించడానికి మామూలుగా వాడే డాబ్ అనే క్రోమోజెన్ (రంగునిచ్చే పదార్థం) గోధుమ రంగు ఇస్తుంది. ఈ గడ్డ కణాల్లో సహజంగా ఉండే మెలనిన్ అనే రంగు కూడా గోధుమే! పైగా మాక్రోఫేజ్‌లు మెలనిన్‌ను మింగి కూర్చుంటాయి. కొత్తవాళ్లు గడ్డ కణాలను మాక్రోఫేజ్‌లుగా లెక్కపెట్టేది ఇక్కడే. ఎరుపు రంగు క్రోమోజెన్ వాడాలి, లేదా పలచని హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో మెలనిన్‌ను తెల్లబరచాలి. ఎక్కువసేపు ఉంచితే కణజాలం స్లైడ్ నుంచి ఊడొస్తుంది, యాంటీబాడీ పట్టుకోవలసిన ప్రొటీన్ కూడా చెడుతుంది. అదే గడ్డ నుంచి ప్రైమరీ యాంటీబాడీ (ప్రొటీన్‌ను నేరుగా పట్టుకునేది) వెయ్యని స్లైడ్ ఒకటి పక్కన లేకుండా ఏ లెక్కా నమ్మకూడదు.

కణజాలం దొరక్కపోయినా డేటా ఉచితంగా దొరుకుతుంది. టీసీజీఏ అనే అమెరికా క్యాన్సర్ జన్యు సమాచార నిధిలో 80 కంటి మెలనోమాల వివరాలున్నాయి. ఇప్పటి నుంచే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష, ఆ తర్వాత స్యూరట్ (సింగిల్ సెల్ డేటాను, అంటే ఒక్కో కణాన్ని విడిగా చదివిన డేటాను విశ్లేషించే ప్యాకేజీ) నేర్చుకోమనండి. 8 జీబీ ర్యామ్ లాప్‌టాప్ సింగిల్ సెల్ డేటా దగ్గర మొరాయిస్తుంది, కనీసం 16 ఉండాలి. సర్టిఫికెట్ కోర్సులకు వేలు పోసే బదులు ఆ డబ్బు ర్యామ్‌కు పెట్టండి. ఒక జాగ్రత్త: ఆ 80 గడ్డలూ ఎక్కువగా కన్ను తీసేసినప్పుడు దొరికినవి, అంటే పెద్దవి. చిన్న గడ్డలకు కన్ను తియ్యకుండానే రేడియేషన్ ఇస్తారు కాబట్టి వాటి కణజాలం అంతగా దొరకదు. పెద్ద గడ్డల్లో కనిపించినదాన్ని చిన్నవాటికి అంటగట్టకూడదు.

ఎంఎస్సీకి జామ్, గాట్-బి, సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్షలు మూడూ రాయించండి. ఏపీ పీజీసెట్ కూడా వదలొద్దు. అనంతపురం శ్రీకృష్ణదేవరాయలోనో, కడప యోగి వేమనలోనో సీటు వచ్చినా నష్టం లేదు. అక్కడ చేరితే మాత్రం మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే రెండు నెలల వేసవి ఫెలోషిప్‌కు మొదటి ఏడాదిలోనే దరఖాస్తు చెయ్యాలి. నెట్‌కు ఎంఎస్సీ మొదటి సెమిస్టర్ నుంచే చదవాలి. 200 మార్కుల్లో 100 పార్ట్ సీవే. అక్కడ 75 ప్రశ్నల్లో 25 రాస్తే చాలు, తప్పుకు కోత ఉంటుంది. ఇమ్యునాలజీ, సెల్ సిగ్నలింగ్ మీద పట్టున్నవాళ్లకు అది కలిసొచ్చే భాగం.

ల్యాబ్‌లకు మెయిల్ పెట్టేటప్పుడు 'రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ ఇంట్రెస్టెడ్' అని వందమందికి ఒకటే పంపితే ఎవరూ తెరవరు. ఆ 80 గడ్డల్లో లాగ్3, టీ కణాలకు గుర్తైన సీడీ8ఏ జన్యువుల మధ్య సంబంధం చూపే గ్రాఫ్ ఒకటి సొంతంగా గీసి, నాలుగు వాక్యాలు రాసి, పదిమందికి పంపమనండి.