ఒరేయ్ చిన్నా, ముందు ఆ నల్ల దారం విప్పు

చిన్నా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటో పెద్దది చేసి రెండుసార్లు చూశాను. స్వెటర్ మోచేతి దగ్గర చిల్లు పడడం ఒక ఎత్తు, దాన్ని నువ్వు కుట్టిన తీరు ఇంకో ఎత్తు. రెండు అంచులూ దగ్గరికి లాగేసి, నల్ల మిషను దారంతో బిగించి, బియ్యం సంచి మూతి కట్టినట్టు కట్టేశావు కదరా! నిన్ను తిట్టడం లేదులే, మొదటిసారి అందరూ చేసేది ఇదే, నేనూ చేశాను. చిల్లు పడిందంటే అక్కడ గుడ్డ లేదని అర్థం. లేనిదాన్ని లాగితే ఎక్కణ్ణుంచి వస్తుంది? పక్కనున్న మంచి గుడ్డలోంచే రావాలి, అందుకే చుట్టూ అంతా ముడుచుకుపోయింది.

కాబట్టి ముందు అది విప్పు. దారం కొస పట్టుకుని సర్రున లాగావంటే ఊలు కూడా దానితో పాటు వచ్చేస్తుంది. లోపలివైపు తిప్పి, చిన్న కత్తెరతో ఒక్కో కుట్టునీ కత్తిరించి, ముక్కలు ముక్కలుగా ఏరెయ్యి. అరగంట పడుతుంది, పట్టనీ.

ఇప్పుడు అసలు సంగతి. ఇలా చిల్లు పూడ్చడాన్ని రఫూ అన్నా, మన ఊళ్ళో షాపుల బోర్డుల మీద రాసే డార్నింగ్ అన్నా, అది కుట్టు కాదు, నేత. చీరాలలో మీ తాతయ్య గుంట మగ్గం దగ్గర కూర్చుని నువ్వు కండెలతో ఆడుకునేవాడివి, గుర్తుందా? పడుగు నిలువుగా, పేక అడ్డంగా. నువ్విప్పుడు చెయ్యాల్సింది అదే, పేక పోగుని అటూ ఇటూ దాటించే నాడెకి బదులు నీ చేతిలో సూది ఉంటుంది, అంతే.

సూది మొన మొద్దుగా, బెజ్జం పెద్దగా ఉండాలి. వాడి సూదైతే ఊలు పోగుని మధ్యలో చీల్చేస్తుంది. అలాగని దబ్బనం తియ్యకు, అది గోనెసంచులకి. దారం ఊలే వాడు. దీనికి ఒక కారణముంది. మీ పెదనాన్న రైల్వేలో ఉన్నప్పుడు నాగపూర్‌లో ఆరేళ్ళు ఉన్నాం, అక్కడి చలికి ఆయనకి ఒకే ఒక్క మంచి స్వెటర్. దానికి చిల్లు పడితే గట్టిగా ఉంటుంది కదా అని రెండు పేటల నూలు దారంతో అల్లేశాను. అల్లిక చూసి మురిసిపోయాను కూడా. ఒక చలికాలం గడిచేసరికి నా అతుకు రాయిలా అలాగే ఉంది, దాని చుట్టూ ఉన్న ఊలు గుండ్రంగా తెగిపోయింది! స్వెటర్ సాగుతుంది, నూలు సాగదు, పక్కవాళ్ళని కోసేస్తుంది. అందుకని అసలు ఊలు ఎంత లావుంటే అంత, లేదా ఒక పిసరు సన్నం. రంగు సరిగ్గా కలవకపోతే లేతది కాకుండా కాస్త ముదురుది తీసుకో, ముదురు అయితే నీడలా కలిసిపోతుంది. కొత్త స్వెటర్లకి ఒక్కోసారి బొత్తాంతో పాటు చిన్న ఊలు చుట్ట ఇస్తారు, నువ్వు పారేసి ఉంటావులే, అయినా ఒకసారి వెతుకు.

చిల్లు కింద గట్టిగా, గుండ్రంగా ఏదైనా పెట్టాలి. పుట్టగొడుగు ఆకారంలో చెక్కవి అమ్ముతారు కానీ కొనక్కర్లేదు, పప్పు గుంట గరిటె బోర్లా పెట్టి స్వెటర్ చేతి లోపలికి దూర్చు. మా అమ్మ ఫ్యూజు పోయిన బల్బు వాడేది. గుడ్డని దాని మీద పరచాలే గానీ సాగదీయకూడదు. సాగదీసి అల్లితే, గరిటె తీసేశాక అతుకు బుడగలా పైకి లేస్తుంది.

స్వెటర్ గుడ్డలా నేసింది కాదు, ఉచ్చులో ఉచ్చు వేసి అల్లింది. చిల్లు అంచున కొన్ని ఉచ్చులు ఊడి నోరు తెరుచుకుని ఉంటాయి, వాటిలో ఒక్కటి వదిలేసినా నిచ్చెన మెట్లలా కిందిదాకా జారిపోతుంది. అందుకని మొదట అదే ఊలుతో ఒక్కో ఉచ్చులోంచీ సూది పోనిచ్చి పట్టుకో. తర్వాత చిల్లుకి అరంగుళం దూరంలో, బాగున్న చోట మొదలుపెట్టు. చిల్లు అంచునే మొదలుపెడితే పట్టు దొరకదు, అక్కడ ఊలు అప్పటికే పలచబడి ఉంటుంది. ముడి వెయ్యకు, మూడంగుళాల తోక వదిలెయ్. చిన్న చిన్న కుట్లతో పైకి వెళ్ళు, చిల్లు వచ్చినప్పుడు దాని మీదుగా పోగు నిలువుగా దాటించు, అవతల మళ్ళీ మంచి గుడ్డలో అరంగుళం వెళ్ళి వెనక్కి తిరుగు. తిరిగే ప్రతిచోటా చిన్న ఉచ్చు వదులుగా వదలాలి, ఎందుకంటే కొత్త ఊలు మొదటి ఉతుకుకి కుంచించుకుపోతుంది, వదలకపోతే నీ నల్లదారం కథే మళ్ళీ మొదలు. ఇలా చిల్లు నిండా పోగులు పక్కపక్కనే వచ్చాయంటే పడుగు అయిపోయింది.

పేకకి ఒక చిట్కా, సూదిని తిప్పి బెజ్జం వైపు ముందుకి పోనియ్యి, పోగులు చీలవు. ఒక పోగు కింద, ఒక పోగు పైన. తిరుగు వరుసలో ఇందాక కిందికి వెళ్ళినచోట పైకి, పైకి వెళ్ళినచోట కిందికి. ప్రతి వరుసా అయ్యాక మగ్గం మీద పేక కొట్టినట్టు సూదితో పక్క వరుసకి జరుపు. మరీ బిగించకు, చేతికి మెత్తగా తగలాలి. ఎక్కడైనా ఒక పోగు తప్పావనుకో, విప్పుకుంటూ కూర్చోకు, తర్వాతి వరుసలో సర్దుకో. చివర్లో తోకలు లోపలివైపు దాచి, తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె అలా ఆనించి తియ్యి, రుద్దకు.

ఇంకో మోచెయ్యి కూడా చూశాను, చిల్లు పడలేదు కానీ అవతల వెలుతురు కనిపిస్తోంది. అది ఇప్పుడే చెయ్యి. అక్కడ నేత కూడా అక్కర్లేదు, ఉన్న అల్లిక ఎటు పోతే అటే, అల్లికలో కనిపించే ఆ ఇంగ్లీషు ‘V’ ఆకారం మీదే సూదితో రెండో పోగు నడిపించు. పావుగంట పని, పైకి తెలియను కూడా తెలియదు.

ఫొటోలో నువ్వు చూడనిది ఒకటుంది. నడుము దగ్గర సూదిమొనంత చిల్లులు రెండు. అక్కడ రాపిడి ఉండదు కదా, అది చిమ్మట పని. రెక్కలున్న పురుగు తినదు, దాని పిల్లలు తింటాయి, చెమటా కూరమరకా ఉన్న ఊలైతే మరీ ఇష్టం. ఉతక్కుండా బీరువాలో పెట్టావా? నిజం చెప్పు. స్వెటర్‌ని ప్లాస్టిక్ కవర్లో గాలి తీసి కట్టి డీప్ ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచు, బాగుచెయ్యడం ఆ తర్వాతే. పక్కనున్న ఊలు బట్టలూ, పట్టుచీరలూ కూడా దులిపి చూడు, అది పట్టునీ వదలదు. మేం కలరా ఉండలు వేసేవాళ్ళం, ఇంట్లో చంటిపిల్లలున్నారు కాబట్టి నువ్వు వెయ్యొద్దు.

జీన్సు గురించి అడిగావు. దానిలో పడుగు నీలం, పేక తెలుపు, పైకి ఎక్కువగా కనిపించేది నీలం. కాబట్టి నీలం దారం, లోపల పాత జీన్సు ముక్క అతుకు, మిషను మీద ముందుకీ వెనక్కీ కుట్టెయ్. దాని కోసం చేత్తో కూర్చోనక్కర్లేదు.

మీ ఆవిడ పట్టుచీర మడత దగ్గర చీలిందని మీ అమ్మ చెప్పింది. దాని జోలికి మాత్రం వెళ్ళకు. పట్టు చివికిపోతే సూది పడ్డచోటల్లా కొత్త చీలిక వస్తుంది. మడత మార్చి పెట్టమను, వచ్చేటప్పుడు తెమ్మను, రవికె గుడ్డ ఉంటే అది కూడా. నాగపూర్లో ఉన్నప్పుడు శాలువాలు బాగుచేసే రఫూగర్ ఒకాయన వచ్చేవాడు, వాళ్ళది ఉత్తరప్రదేశ్‌లోని నజీబాబాద్, అక్కడ తరతరాలుగా ఈ పని చేసేవాళ్ళున్నారు. బయటి దారం వాడేవాడు కాదు, శాలువా అంచులోంచే పోగు లాగి దానితోనే నేసేవాడు, ఎక్కడ చిరిగిందో తర్వాత నాకే దొరికేది కాదు. రవికె గుడ్డ ఎందుకు అడిగానో అర్థమైందా? అదే రంగుముంతలో అద్దిన పోగులు మళ్ళీ ఎక్కడ దొరుకుతాయి?

నీ మొదటి అతుకు అలా ఉండదు. కనిపిస్తుంది, కనిపించనీ. చేతిరుమాలు మీద ఒకసారి చేసి చూసుకుని స్వెటర్ పట్టుకో. ఈసారి ఫొటో తీసేటప్పుడు పైవైపు కాదు, లోపలివైపు తీసి పంపు, నువ్వెక్కడ బిగించావో నాకు అక్కడే తెలుస్తుంది.

పెద్దమ్మ