అటక మీది పుస్తకాల సంచి

ప్రశ్న: నా వయసు 33. టీచరు శిక్షణ డిప్లొమా డీఎడ్ చేశాను. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ టీచరు ఉద్యోగాల కోసం పెట్టే 2018 డీఎస్సీ రాశాను, రాలేదు. ఆ తర్వాత ఏడేళ్లు ఎదురుచూసి 2025 మెగా డీఎస్సీలో ఎస్జీటీ (ప్రాథమిక బడి టీచరు పోస్టు) రాస్తే 1.6 మార్కుల తేడాతో పోయింది. టీచరు అర్హత పరీక్ష టెట్‌లో నా స్కోరు 150కి 104. ఒక ప్రైవేటు బడిలో చెబుతున్నాను. ఫలితాలు వచ్చిన వారం పుస్తకాలన్నీ బియ్యం సంచిలో కట్టి అటక మీద పడేశాను. మళ్లీ చదవాలని ఉంది కానీ సంచి దింపడానికి కూడా మనసు రావడం లేదు. మా అత్తగారు ‘ఇంకా ఎన్నేళ్లు చదువుతావు’ అంటారు. మా వారు ‘ఇక చాలులే’ అన్నారు. రాత్రిళ్లు నిద్ర సరిగా పట్టడం లేదు. ఎనిమిదేళ్ల మా పాప మొన్న ‘అమ్మా, నీ పరీక్ష ఎప్పుడు అయిపోతుంది?’ అని అడిగింది. పోయిన ఉత్సాహం తిరిగి తెచ్చుకోవడం ఎలా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ పాప ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. దానికి చివర్లో వస్తాను.

ముందుగా ఒక మాట. మీలో పోయింది ఉత్సాహం అని మీరనుకుంటున్నారు. నాకలా అనిపించడం లేదు. పగలంతా బడిలో నిలబడి పాఠాలు చెప్పి, ఇంటికొచ్చి వంట చేసి, పాపను పడుకోబెట్టి, అప్పుడు పుస్తకం తెరిచి అన్నేళ్లు నెట్టుకొచ్చిన మనిషికి ఉత్సాహం లేదని ఎలా అంటాను? మీరు అలసిపోయారు. ఆ అలసట కూడా చదువు వల్ల వచ్చింది కాదు, ఎదురుచూపు వల్ల వచ్చింది. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులతో ఒక ప్రకటన వచ్చింది, అది రద్దయింది. తర్వాత 16,347 పోస్టులన్నారు. 2025 ఏప్రిల్ 20న ప్రకటన వస్తే జూన్ 6కల్లా పరీక్షలు మొదలయ్యాయి. ఏళ్ల తరబడి ఎదురుచూపు, ఆ పైన నెలన్నర పరుగు. ఇలాంటి నడకలో ఎవరి గుండె అయినా నీరుగారిపోతుంది. 3.3 లక్షల మందికి పైగా దరఖాస్తు చేసిన పరీక్షలో 1.6 మార్కుల దగ్గరిదాకా వెళ్లడం చిన్న విషయం కాదు. అయితే చేతికి అందినట్టే అంది జారిపోయినదే ఎక్కువ బాధ పెడుతుంది, అదీ నాకు తెలుసు. ఆ బాధ పడటానికి మీకు ఎవరూ సమయం ఇవ్వలేదు. ఫలితాలు వచ్చిన మర్నాడు కూడా మీరు బడికి వెళ్లే ఉంటారు. కాబట్టి సంచి దింపలేకపోతున్నందుకు మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు.

మీ ఉత్తరంలో రాయనిది ఒకటి అడుగుతాను. ‘ఉద్యోగం వచ్చాక’ అని ఈ ఏడేళ్లలో ఎన్ని పనులు పక్కన పెట్టారు? ఇలాంటి కష్టంతో నా దగ్గరకు వచ్చే ఆడవాళ్లలో చాలామందికి ఈ జాబితా ఉంటుంది. పుట్టింటికి వెళ్లి నాలుగు రోజులుండటం, పంటి నొప్పి చూపించుకోవడం, పాపను సముద్రం చూడటానికి తీసుకెళ్లడం, తనకంటూ ఒక మంచి చీర కొనుక్కోవడం. అన్నీ ‘వచ్చాకే’. ఒక్కొక్కటే చిన్నదే గానీ, అన్నీ కలిపి చూస్తే అదే బతుకు. ఆ బతుకంతా ఒక ప్రకటన తేదీకి ముడిపడి ఉన్నప్పుడు, ఆ తేదీ మీ చేతిలో లేనప్పుడు, పుస్తకం చూస్తేనే గుండె బరువెక్కడంలో వింత ఏముంది? అందుకే సంచి కన్నా ముందు ఆ జాబితా దింపండి. కాగితం మీద రాయండి. అందులో డబ్బు పెద్దగా అక్కర్లేని పని ఒకటి ఈ నెలలోనే చేయండి. ఉద్యోగం రాకముందే, రాకపోయినా సరే.

ఇక మీ వారి మాట. ‘ఇక చాలులే’ అన్నది మీకు పుండు మీద కారం చల్లినట్టు అనిపించి ఉంటుంది. కానీ ఆ మాటకు రెండు అర్థాలు ఉంటాయి: ‘నీ వల్ల కాదు’ అని ఒకటి, ‘నువ్వు ఇలా నలిగిపోవడం చూడలేను’ అని ఇంకొకటి. ఏ అర్థంలో అన్నారో మీరు అడగలేదు కదా. తీరికగా ఉన్న ఒక పూట కూర్చోబెట్టి అడగండి. అడిగాక మీకేం కావాలో స్పష్టంగా చెప్పండి. ‘నాకు మద్దతుగా ఉండండి’ అంటే మగవాళ్లకు ఏం చేయాలో తోచదు. ‘రాత్రి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా పాప బాధ్యత మీది’ అంటే తెలుస్తుంది. ఇంకెంతకాలం అన్నది కూడా ఇద్దరూ కలిసి నిర్ణయించుకోండి. వచ్చే ఒక్క డీఎస్సీయా, రెండా? 2025లో జనరల్ అభ్యర్థుల వయోపరిమితి 44 ఏళ్లు. అంటే ప్రస్తుత లెక్కన మీకు వయసు అడ్డు కాదు. అయినా హద్దు మీరు గీసుకోవడం మంచిది. హద్దు తెలిస్తే అత్తగారి ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉంటుంది. ‘ఈ ఒక్కసారి చూస్తాను అత్తయ్యా’ అని ఆయన పక్కన ఉండగా శాంతంగా చెప్పండి. ఆవిడ ఒక్కసారికే మానకపోవచ్చు. కానీ రెండోసారి అన్నప్పుడు ఆ జవాబు ఆయన చెప్పాలి.

చదువు సంగతి చూద్దాం. 2025 డీఎస్సీలో 80 మార్కులు పరీక్షకు, 20 టెట్‌కు. మీ 104కి వచ్చింది 13.87. అదే 120 ఉంటే సరిగ్గా 16. తేడా 2.13. మీరు పోగొట్టుకున్నది 1.6! టెట్ ఎన్నిసార్లైనా రాసి స్కోరు పెంచుకోవచ్చు, ఆ ధ్రువపత్రం జీవితాంతం చెల్లుతుంది. కాబట్టి ఎప్పుడొస్తుందో తెలియని డీఎస్సీ మాట పక్కన పెట్టి, టెట్‌లో 120 అన్నదే ప్రస్తుతానికి గురిగా పెట్టుకోండి. ఇన్నాళ్లలో మీ చేతిలో ఉండే గురి ఇదొక్కటే అని నా అభిప్రాయం. ఎస్జీటీ పరీక్షలో ఒక్కో ప్రశ్నకు అర మార్కు. 1.6 అంటే నాలుగు ప్రశ్నలు కూడా లేవు. ఏ నాలుగో మీకు గుర్తుండే ఉంటుంది. రోజుకు ఆ ఒక్క గంట చాలు. నిద్ర మానుకుని చదవవద్దు. చదవలేని రోజున మర్నాడు రెండు గంటలు కూర్చుని బాకీ తీర్చాలనుకోవద్దు, అలా బాకీలు పెరిగే చాలామంది మానేస్తారు.

నిద్ర పట్టని రాత్రులు రెండు వారాలు దాటి ఉంటే, లేదా ఏ పని మీదా ఇష్టం లేకుండా పోతుంటే వైద్యుడికి చూపించుకోండి. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

పాప దగ్గరకు వద్దాం. ఎనిమిదేళ్ల పిల్ల అడిగింది పరీక్ష గురించి కాదమ్మా. తనకు ఊహ తెలిసినప్పటి నుంచి అమ్మ ఎప్పుడూ పరీక్ష తర్వాతే దొరుకుతుందని విన్నది, ఆ తర్వాత ఎప్పుడని అడుగుతోంది. వచ్చే ఆదివారం మీ వారిని నిచ్చెన పట్టుకోమనండి, సంచి దింపి ముగ్గురూ కలిసి విప్పండి. అక్కర్లేని గైడ్లు పాత కాగితాల వాళ్లకు వేసేయండి. ఉంచుకునే పుస్తకాలకు పాప చేత అట్టలు వేయించండి. అట్ట మీద అమ్మ పేరు రాయడం తనకు చాలా నచ్చుతుంది. అప్పుడు చెప్పండి, ‘పరీక్ష ఎప్పుడో నాకూ తెలియదు కన్నా, కానీ తొమ్మిదిన్నర తర్వాత నేను నీ దానినే’ అని.