బొమ్మ కారు కట్టియ్యబోయే బిడ్డకు

హన్మకొండ

బిడ్డా,

బుడ్డోనికి ఆరేండ్లు నిండుతున్నయి, పుట్టినరోజుకు మీ అమెరికాల మర్టిల్ బీచ్‌ల కార్లు కట్టుకునే బొమ్మల దుకాణానికి తీస్కపోతం, ఏమేం చూస్కోవాల్నో రాసి పంపు పెద్దబాపూ అన్నవు. ఫోన్ల చెప్తే సగం యాదికుంటది, సగం పోతది. అందుకే పొద్దుగాల చాయ తాగి కూసొని రాస్తున్న. మా పెద్దోడు ఆ దిక్కు ఉన్నప్పుడు వాని కొడుకుతోని నేను ఆ దుకాణంల కూసున్నోన్నే. దానికంటె ముందు, నీకు ఎరుకే, బతుకంత ఆటోనగర్‌ల లారీలకు బాడీలు కట్టిన. గందుకే ఈ ఉత్తరంల దుకాణం సంగతి కొంత, నా పని సంగతి కొంత ఉంటది.

అన్నిటికంటె ముందు మాట: కారు బుడ్డోడే కట్టాలె. నువ్వు గాదు, అల్లుడు గాదు, దుకాణంల పిలగాడు గాదు. మిగిలినయన్ని దీని తర్వాతనే.

రైడ్‌మేకర్జ్ అని ఆ దుకాణం పేరు. 2007ల మర్టిల్ బీచ్‌లనే, బ్రాడ్‌వే ఎట్ ద బీచ్ అనే బజార్ల మొదలువెట్టిన్రు. తయారైన కారు డబ్బల పెట్టి చేతికిచ్చే తీరు గాదు అక్కడ. అరల మీద ఉత్త బాడీలుంటయి, మస్టాంగ్, కమారో అసొంటియి. ముందు బాడీ ఎంచుకోవాలె. తర్వాత చాసీ, అంటె బాడీ కింద చక్రాలు ఉండే చట్రం: చేత్తోని నూకేదా, రిమోట్‌తోని నడిచేదా. ఇంజన్ చప్పుడు, చక్రాలు, టైర్లు, ఆఖరుకు స్టిక్కర్లు, వెనుక రెక్క, సైలెన్సర్ గొట్టాలు. అన్నీ జమ చేసుకొని బల్ల కాడ బిగించుకోవాలె. బయలెల్లే ముందు ఒక్కపాలి ఫోన్ చేసి ఎన్నింటికి తీస్తరు, ఏ సామాను ఉన్నది అని అడుగు. మీరుండే షార్లెట్ నుంచి మూడు నాలుగు గంటల తొవ్వ. అంత దూరం పోయినంక వాడు అనుకున్న బాడీ లేకపోతే పుట్టినరోజు పూట ఏడుస్తడు.

బండి ఎంత ఉంటదో వానికి ఇంట్లనే చూపియ్యి. అవి ఎక్కువ 1:18 కొలత బండ్లు. అంటే 15 ఫీట్ల అసలు కారు 10 ఇంచులైతది. వాని తాన ఉన్న హాట్ వీల్స్ కార్లు 1:64, మూడు ఇంచులు గూడ ఉండయి. ఆ కార్లు ఉరికే నారింజ పట్టీల మీద ఈ కొత్త బండి ఉరుకుతదని వాడు మనసుల పెట్టుకున్నడేమో, స్కేలు పట్టి బండ మీద గీత గీసి చూపియ్యి. పిలగాండ్లు మనకు చెప్పకుండనే మస్తు అనుకుంటరు.

ఇగ నా పని సంగతి. కంపెనీ నుంచి లారీ అంటె ఉత్త చాసీ, ఇంజనే వచ్చేది. మిగిలింది మేం కట్టేటోళ్లం. ఓనరు రాంగనే హారన్లు, రంగుల లైట్లు, ముందట రాసే పేరు, వీటి గురించే అడిగేటోడు. నేను మాత్రం ఒక్కటే అడిగేటోన్ని: ఏం మోస్తవు, ఏ తొవ్వల తిరుగుతవు? ఏనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చేటి బండికి బాడీ ఎత్తు గావాలె, బరువు తక్కువ. కరీంనగర్ దిక్కు గ్రానైటు మోసేదానికి ఎత్తుతోని పని లేదు, కింద బలం గావాలె. అది తేలినంక రంగులు, లైట్లు ఎన్నైన పెట్టుకోని.

బుడ్డోన్ని గూడ అదే అడుగు. యాడ నడుపుతవు బిడ్డా? మీ హాల్ల కార్పెటేనాయె. నున్నటి సన్న టైర్లు కార్పెట్ మీద గుంజలేవు, మోటరు వేడెక్కుతది, సెల్లులు తొందరగ అయిపోతయి. అట్లయితే జర వెడల్పు టైరు, గరుకు టైరు మంచిగ. గరాజ్ ముందట సిమెంటు మీద అయితే ఏదైన నడుస్తది. చేత్తోని నూకుతూ కథలు చెప్పుకుంటూ ఆడేటోడైతే రిమోట్ దండుగ. మా మనుమడు రిమోట్ బండిని గూడ చేత్తోనే నూకేటోడు, నోటితోని చప్పుడు చేసుకుంటూ. మీ బుడ్డోడు ఎట్లాడుతడో నీకే ఎరుక, రెండు రోజులు చూడు.

పైసల సంగతి. ప్రతి సామానుకు విడిగ లెక్క. బాడీ ధర చూసి గింతేనా అనిపిస్తది, బిల్లు కాడికి వచ్చేసరికి సంగతి వేరే ఉంటది. సౌత్ కరోలినాల రాష్ట్రం పన్నే 6 శాతం, దాని మీద ఊరి పన్ను. అల్లుడు, నువ్వు ఇంట్లనే ఒక లెక్క అనుకోండ్రి. వానికి డాలర్ల లెక్క సమజ్ కాదు, సామాన్ల లెక్క చెప్పు: బాడీ, చాసీ, చక్రాలు, ఇంకో రెండు నీ ఇష్టం. ఆ రెండు ఏవన్నది వాడు దుకాణమంత తిరిగి తేల్చుకుంటడు. రెక్క తీసి పెట్టి గొట్టం తీస్కుంటడు, మల్ల గొట్టం పెట్టి రెక్క తీస్కుంటడు. తిరగనియ్యి. గంట పట్టినా తొందర వెట్టకు.

ఎంచుకునేటప్పుడు మీ ఇద్దరి నోళ్లు గట్టిగ మూసుకోవాలె. మా మనుమడు పసుపు బాడీకి ఎర్ర చక్రాలు పట్టుకొచ్చిండు. వాళ్ల నాయిన "బాగుండదురా, నల్లయి తీస్కో" అన్నడు. పిలగాడు ఏమనలే, నల్లయే తెచ్చిండు. గని అక్కడి నుంచి ఏ సామాను ముట్టినా ముందుగాల వాళ్ల నాయిన మొఖం చూసుడు మొదలువెట్టిండు. నేను మా వాన్ని కాఫీ తాగిరాపో అని బయటికి తోలి, పిలగాన్ని మల్ల అరల కాడికి తీస్కపోయిన. కొంచెంసేపు నిలవడి, ఎర్ర చక్రాలు తీసుకున్నడు. ఇండ్ల మా కొడుకును తప్పు పట్ట. మంచిదే చెప్పిండు. కని ఆరేండ్ల పిలగానికి తన ఇష్టమే నడిచే జాగలు ఎన్నుంటయి చెప్పు? బడిల టీచరు చెప్పినట్టు, ఇంట్ల మనం చెప్పినట్టు. ఈ ఒక్కదాంట్ల వాని మాట సాగనియ్యాలె.

ఇగ బిగించుడు. ఇది మనసువెట్టి చదువు, అల్లునికి గూడ చదివి వినిపియ్యి.

బాడీని చాసీ మీద కూసోవెట్టంగనే ఒక మూలది గట్టిగ బిగిస్తరు అందరు. అట్ల చేస్తె ఎదురు మూల లేస్తది, నాలుగో మర రంధ్రంల పడదు. నాలుగు మరలు ముందు రెండు రెండు చుట్లే తిప్పాలె, వదులుగ. బాడీ అంతటా మంచిగ కూసున్నదా అని వేలు పెట్టి చూసి, అప్పుడు ఎదురెదురు మూలలు బిగించాలె. లారీ చక్రం నట్లు గూడ అట్లనే ఎదురెదురుగ బిగిస్తం.

ప్లాస్టిక్‌ల మర ఎక్కించుడు ఇంకో విద్య. ఇనుముల లెక్క బలం పెడితె లోపలి చాలు తెగుతది, ఇగ ఆ మర ఎన్నడు పట్టది. ముఖ్యంగ ఒకసారి ఇప్పి మల్ల బిగించేటప్పుడు, మరను ముందుగాల ఉల్టా తిప్పాలె, మెల్లగ. ఒక తాన టక్కున చిన్నగ కిందికి దిగుతది. పాత చాలు దొరికిందన్నట్టు. అప్పుడు సీదా తిప్పాలె. ఆ టక్కుమనేది చేతికి తెలుస్తది, బుడ్డోని చెయ్యి పట్టి ఒక్కసారి చూపియ్యి. తర్వాత చెయ్యి తీసెయ్యి. బల్ల కాడ మోటరు పాన ఇస్తే దానితోని మొదటి చుట్లే తిప్పనియ్యి, ఆఖరు బిగింపు చేత్తోనే.

బల్ల కాడి నుంచి లేవక ముందే బండిని తిరగేసి పట్టుకొని నాలుగు చక్రాలు ఒకటొకటే తిప్పండ్రి. అల్లాడితే మల్ల ఎక్కించాలె. ముందు చక్రాలు చేత్తోని ఎడమకు, కుడికి ఆఖరు దాకా తిప్పి చూడు, టైరు బాడీ అంచుకు రాస్తదా అని. పెద్ద టైర్లు పెట్టుకున్నోళ్లకు ఇదే తిప్పలు. సందు లేకుంట రాసుకుంటే ఆ జత మార్చుకోవాలె. దుకాణంల ఉన్నప్పుడే మార్చుకునుడు సులువు, ఇంటికి పోయినంక మూడు గంటల తొవ్వ మల్ల రావాలె. ఆ తర్వాత సాపు నేల మీద వదిలి సీదా పోతదా చూడు. రిమోట్ బండ్లకు చానావాటికి ముందు ఇరుసు కాడ కింద చిన్న మీట ఉంటది, ఒక పక్కకు గుంజుతుంటే దానితోని సరిచెయ్యొచ్చు.

అల్లుని దోస్తు కొడుకు గూడ వస్తడంటివి. ఇద్దరు రిమోట్ బండ్లు తీసుకుంటే రెండు ఒక్కపారి నడుస్తయా అని అడుగుండ్రి. పాత తీరు రిమోట్లు 27 మెగాహెర్ట్జ్, 49 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తయి. ఇద్దరివి ఒకటే అయితే ఒకడు మీట నొక్కితే ఇంకొకని బండి ఉరుకుతది, ఇగ కొట్లాటే. 2.4 గిగాహెర్ట్జ్‌వి అయితే ఏ రిమోట్ ఆ బండికే జత గడుతది, రంది లేదు.

దుకాణం సముద్రం పొంటి ఊర్ల ఉన్నది. కొత్త బండిని ఇసుకల ఉరికిస్త అని వాడు తప్పకుండ అడుగుతడు. వద్దు. సన్న ఇసుక గేర్ల పండ్ల నడుమ చేరితె పండ్లు అరుగుతయి, ఉప్పు తడి తగిలితే మోటరు, సెల్లు పట్టీలు తుప్పు పడతయి. బండిని కార్ల డిక్కీల పెట్టి తాళం ఏసి అప్పుడు సముద్రానికి పోండ్రి.

ఇంటికొచ్చినంక ఇరుసుల మీద ఒక కన్ను ఉంచు. కార్పెట్ పోగులు, నీ ఎంటికలు ఇరుసుకు సుట్టుకుంటయి. బండి మందమైంది, సెల్లులు అయిపోయినయేమో అనుకుంటరు అందరు. చక్రం ఊడదీసి చిమ్టాతోని పోగులు గుంజితే మల్ల ఉరుకుతది. ఈ పని గూడ వానితోనే చేయించు, పిలగాండ్లకు మస్తు ఇష్టం. వారాల తరబడి ఆడకపోతే సెల్లులు తీసి పక్కకు పెట్టు, కారినయంటె లోపలి పట్టీలు ఖరాబైతయి. చిన్నది ఇంకా పాకుతున్నది గదా, దొరికింది నోట్ల పెట్టుకునే ఈడు. మరలు, స్టిక్కర్లు, ఊడిన అద్దాలు ఒక మూత డబ్బల ఏసి పైకి పెట్టాలె. చప్పుడు చేసే పెట్టెల గుండీ సెల్లు ఉంటే దాని మూత మర బిగుతుగ ఉన్నదా అని నువ్వే చూడాలె, ఈ ఒక్కటి బుడ్డోనికి వదలకు. గుండీ సెల్లు మింగితే పానం మీదికి వస్తది.

దసరాకు వస్తమన్నరు గదా. వాన్ని కరీంనగర్ మీదుగ నిర్మల్ తీస్కపోత. పొణికి కట్టె ఎంత తేలికనో చేతిల పెట్టి చూపిస్త. అక్కడి నకాషీ పనోళ్లు కట్టెను చెక్కి, ముక్కలు అతికి, చింతగింజల జిగురుల పొట్టు కలిపి సందులు పూసి, ఎండినంక రంగులేస్తరు. 2009ల ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు గూడ వచ్చింది. అక్కడ మరలు లేవు, మోటర్లు లేవు. తన బండి తను కట్టుకున్న పిలగాడు ఆ పనోళ్ల చేతుల దిక్కు ఇంకో తీరుగ చూస్తడు. గందుకే దసరా కంటె ముందే ఆ దుకాణానికి పోయిరాండ్రి.

ఆ కారు వాడు ఎట్లయిన తెస్తనంటడు. తెచ్చేటప్పుడు సెల్లులు తీయి. రీచార్జ్ లిథియం సెల్లు అయితే చేతి సంచిలనే ఉండాలె, పెద్ద సూట్‌కేసుల ఎయ్యనియ్యరు. వెనుక రెక్క ఊడదీసి బట్టల నడుమ పెట్టు, బండి మీద బరువు పెట్టకు. ఆ చిన్న పాన మాత్రం పెద్ద సూట్‌కేసుల యాది మరువకుండ ఎయ్యి. వాడు ఇక్కడ ఇప్పి చూపిస్త అన్నడు నాకు, ఫోన్ల.

మీ పెద్దబాపు