ప్రొబేషన్ అధికారి అరెస్టు చేయగలరా?

ప్రొబేషన్ మీద, అంటే జైలుకు పంపకుండా మంచి నడవడికతో ఉంటానన్న హామీపత్రం (బాండు) మీద కోర్టు వదిలితే, ఇంటికొచ్చిన మీ అన్నయ్యను అధికారి ఎప్పుడైనా పట్టుకుపోతారేమోనని అడిగారు. ఆ భయం వద్దండి. 1958 నాటి నేరస్థుల ప్రొబేషన్ చట్టం ఆయనకు విచారించి నివేదిక రాసే పని ఇచ్చింది. వారంటు ఇచ్చేది కోర్టు. కానీ ఆ నివేదికను తక్కువగా చూడకండి.

మా తమ్ముడు ఇరవయ్యో ఏట స్నేహితులతో కలిసి పొలంలో మోటారు విప్పి రాగి తీగ అమ్మేశాడు. నేరం రుజువైంది. 21 ఏళ్లు నిండలేదు కాబట్టి, కోర్టు శిక్ష సంగతి తేల్చేముందు ప్రొబేషన్ అధికారి నివేదిక అడిగింది. ఒక మిట్టమధ్యాహ్నం ఆయన బస్సు దిగి, గుడ్డసంచితో మా ఇంటికి వచ్చారు. అప్పు వసూలుకు వచ్చారనుకుంది మా అమ్మ.

"మీ అబ్బాయి రాత్రి ఎన్నింటికి ఇల్లు చేరతాడమ్మా?"

"ఎనిమిదింటికల్లా వచ్చేస్తాడండీ."

ఆయన రాసుకోలేదు. మజ్జిగ గ్లాసు కింద పెట్టి, "నేను తప్పు రాస్తే నష్టపోయేది వాడే తల్లీ" అన్నారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పదకొండు దాటుతుందయ్యా. ఒక్కోసారి రానే రాడు." అప్పుడు రాసుకున్నారు. తర్వాత మోటారు పోయిన రైతు ఇంటికి ఒక్కరే వెళ్లారు.

కోర్టు రెండేళ్లకు బాండు రాయించుకుని, రైతుకు పరిహారం కట్టమని, ఆయన పర్యవేక్షణలో వదిలింది. మూడో నెల మావాడు ఆయన దగ్గర హాజరు ఎగ్గొట్టాడు. ఆయన కోర్టుకు రాస్తే సమన్లు వచ్చేవి, పాత నేరానికి శిక్షా పడే వీలుండేది. రాయకుండా మళ్లీ బస్సెక్కి ఊరికి వచ్చారు. మొదటిసారి షరతు తప్పితే వేయగల జరిమానా మాత్రం చట్టంలో నేటికీ 50 రూపాయలే! దాన్ని సవరించే తీరిక ఎవరికీ లేదు.

ప్రొబేషన్‌ను పెరోల్‌తో కలిపి మాట్లాడేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పెరోల్ జైల్లో శిక్ష అనుభవిస్తున్న ఖైదీకి కొద్దిరోజులు ఇచ్చే సెలవు. అది ప్రభుత్వం, జైళ్ల శాఖ చూసుకునే వ్యవహారం. ప్రొబేషన్ అధికారులకూ అరెస్టు అధికారం ఇవ్వాలని కొందరంటారు. నేను ససేమిరా ఒప్పుకోను. బేడీలు పట్టుకొచ్చిన మనిషితో మా అమ్మ పదకొండు గంటల మాట చెప్పేదా?

పని వెతికిపెట్టే ప్రయత్నం కూడా చట్టం ప్రకారం ఆయన బాధ్యతే. ఆయనే మాట్లాడి తమ్ముణ్ణి మోటారు వైండింగ్ షాపులో కుదిర్చారు. పోయిన వేసవిలో ఆ రైతు మోటారు కాలిపోతే తీగ చుట్టింది మావాడే.